ఎల్ల దాటవలసిన చదువు
(హోసూరున జరిగిన మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉన్నతవిద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరినప్పుడు మేము మిక్కిలి సంకోచించితిమి. మా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచిపోయినది. అటుపిమ్మట మేము నేర్చిన విద్య చింతపండు తూకము, చిట్టా, ఆవర్జా మాత్రమే. విశ్వవిద్యాలయముల వ్యవహారము ఆచార్యులు చెప్పదగినది కాని అంగడివాడు చెప్పదగినది కాదని మనవి చేసికొంటిమి. దానికి మన అధ్యక్షులు ఒక్క మాట చెప్పిరి: "పిల్లలకు ఫీజు కట్టునది అంగడివాడే కదా, ఆ చదువు ఏమగుచున్నదో అడుగు హక్కు అతనికి లేదా?" ఆ మాటకు బదులు తోచక ఈ వేదిక ఎక్కితిమి. తప్పులున్న పెద్దలు మన్నింపవలెను.

మాకు తెలిసిన సంగతితోనే మొదలు పెట్టెదము. మా తండ్రిగారి కాలమున హిందూపురమునుండి చింతపండు బస్తా హోసూరు చేరవలెనన్న రెండు రాష్ట్రముల ఎల్లలు దాటవలసి వచ్చెడిది. ఎల్లకొక తనిఖీ కేంద్రము, కేంద్రమునకొక కాగితము, కాగితమునకొక ముద్ర. లారీ రాత్రంతయు రోడ్డు ప్రక్కన నిలిచిన దినములు మాకు జ్ఞాపకమున్నవి. 2017 జులై 1వ తేదీన వస్తు సేవల పన్ను వచ్చిన పిమ్మట ఆ పన్ను తనిఖీ కేంద్రములు తొలగినవి. నేడు అదే బస్తా ఒక్క బిల్లుతో ఆంధ్రమునుండి కర్ణాటకము దాటి తమిళనాడునకు వచ్చుచున్నది. అయితే అదే హిందూపురమున చదివిన పిల్లవాడు, అదే హోసూరున చదివిన పిల్లవాడు ఎల్ల దాటి చదువుకొనవలెనన్న ఎన్ని కాగితములు కావలెనో మీలో పలువురకు తెలియును. చింతపండునకు తొలగిన అడ్డు చదువునకు ఇంకను తొలగలేదు. ఈ ప్రసంగమున మేము చెప్పదలచిన దంతయు ఇంతే.

ఒక పిల్లవాని సంగతి చెప్పెదము. పేరు, ఊరు చెప్పము. మనవారి బిడ్డయే. ఎల్లకు ఆవల ఒక కళాశాలలో తెలుగు ప్రధాన విషయముగా పట్టము పొందెను. తల్లికి ఆరోగ్యము చెడుటచే ఇంటికి దగ్గరగా ఉండి పై చదువు చదువుదమని ఈవలి విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పంపెను. వారు బదిలీ పత్రమడిగిరి, తెచ్చెను. మైగ్రేషన్ సర్టిఫికెట్టు అడిగిరి, తెచ్చెను. ఆ పిమ్మట, నీవు చదివిన పాఠ్యవిషయములు మా పాఠ్యవిషయములకు సమానములని ధ్రువపత్రము కావలెననిరి. ఆ పత్రమునకై అతడు మూడు పర్యాయములు రైలెక్కెను. మూడవ పర్యాయము అది చేతికి వచ్చునప్పటికి ప్రవేశముల గడువు ముగిసినది. ఒక సంవత్సరము పోయినది. మరుసటి సంవత్సరము అతడు దరఖాస్తు పెట్టలేదు. ఇప్పుడొక కర్మాగారమున సరకు లెక్క వ్రాయుచున్నాడు. అది గౌరవమైన పనియే, మేము కాదనము. కాని ఆ బిడ్డ ఒకనాడు మన మండీలో కూర్చుండి, బస్తాల నడుమ, పోతన పద్యము చదివిన తీరు విన్నవారము మేము. అతడు ఉపాధ్యాయుడు కావలసినవాడు. ఈ విషయమున ఎవ్వరును ద్రోహము చేయలేదు. ప్రతి గుమాస్తాయు తన నియమమును తాను పాటించెను. రెండు విశ్వవిద్యాలయములును ఒకదానితో నొకటి మాటలాడుకొనలేదు, అంతే.

పూర్వమిట్లుండెడిది కాదు. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయపు నీడలో దక్షిణదేశమంతయు చాలకాలము చదువుకొన్నది. మైసూరు మహారాజా కళాశాల, బెంగుళూరు సెంట్రల్ కళాశాల దానికి అనుబంధములై యుండెను. నిజాం రాజ్యమున ఉన్న నిజాం కళాశాల సైతము 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకే అనుబంధము. మైసూరు విద్యార్థియు, హైదరాబాదు విద్యార్థియు, తంజావూరు విద్యార్థియు ఒక్క ప్రశ్నపత్రమునకు సమాధానము వ్రాసిన కాలమది. ఆ కాలమునకు దాని లోపములు దానికి గలవు. బోధన ఆంగ్లమున సాగెను, బీదలకు తలుపులు తెరువలేదు, ఏలినవారు పరాయివారు. దానిని మరల రమ్మని మేము కోరుట లేదు.

పిమ్మట మైసూరున 1916లో, హైదరాబాదున 1918లో, ఆంధ్రులకు 1926లో, ఒడిశాకు 1943లో వేర్వేరు విశ్వవిద్యాలయములు వెలసినవి. ప్రతి జాతికిని తన విద్యాలయము తనకు కావలెనన్న కోరిక న్యాయమైనది. మన పెద్దలు దానికొరకు పాటుపడిరి. 1953లోను, 1956లోను భాషననుసరించి రాష్ట్రములు ఏర్పడినవి. అదియు మన పెద్దల కోరికయే. అయితే గీత గీయునప్పుడు గీతకు ఈవల కొందరు, ఆవల కొందరు మిగులుట తప్పదు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. బరంపురము, పర్లాకిమిడి అంతకు మున్నే, 1936లో, ఒడిశా రాష్ట్రములోనికి పోయినవి. మన హోసూరు తమిళనాడున నిలిచినది. యానాం పుదుచ్చేరితో నిలిచినది. మనము ఎక్కడికిని వలస పోలేదు. తరతరములుగా ఉన్న చోటనే ఉన్నాము. గీతయే మన గడప ముందునుండి పోయినది.

రాష్ట్రములు వేరైనను విద్వాంసులు వేరు కాకుండిన రోజులు గలవు. అందులకు ఒక్క దృష్టాంతము చాలును. చిత్తూరు ప్రాంతపువారైన కట్టమంచి రామలింగారెడ్డిగారు మైసూరు సంస్థానమున విద్యాశాఖలో పని చేసిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపకులపతి అయిరి. అట్టి రెడ్డిగారి చొరవతో 1912లో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించుటకు కుదిరిరి. శర్మగారు అనంతపురపు సీమవారు. దాదాపు 38 సంవత్సరములు కన్నడదేశపు రాజధానిలో తెలుగు చెప్పిరి. అక్కడనే సంగీతమున పాండిత్యము గడించిరి. ఉద్యోగవిరమణానంతరము తిరుపతి చేరి, రాగిరేకులపై నిద్రించుచున్న అన్నమాచార్యుల సంకీర్తనలను పరిష్కరించి స్వరపరచిరి. నేడు మన ఇండ్లలో ఉదయమున వినిపించు అన్నమయ్య పాటకు వెనుక మైసూరు కళాశాల ఇచ్చిన జీతమున్నది, మైసూరు నేర్పిన సంగీతమున్నది. కన్నడిగుల ధనముతో పోషింపబడిన తెలుగు పండితుడు తెలుగుజాతికి అన్నమయ్యను స్వరములతో తెచ్చి ఇచ్చెను. ఎవరు ఎవరికి ఋణపడిరి? ఈ లెక్క ఏ చిట్టాలోను తేలదు. విద్యాలయములు కలసి పనిచేయుట యన్న నిదియే.

ఇట్టి భావముతోనే 1997లో కుప్పమున ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. మూడు రాష్ట్రములు కలియు చోటు చూచి దానిని నెలకొల్పిరి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టము చేయగా కర్ణాటక, తమిళనాడు, కేరళ ప్రభుత్వములు చేయూతనిచ్చినవి. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళములను ఒక్క ప్రాంగణమున ఉంచి, అందులతోబాటు తుళువంటి భాషలకును చోటిచ్చి, ఒక భాషవాడు వేరొక భాషను గౌరవించి చదువుకొనునట్లు చేయుట దాని సంకల్పము. మనకు దగ్గరి చోటు. ఉదయము బయలుదేరిన మధ్యాహ్న భోజనమునకు అక్కడ ఉండవచ్చును. చిత్రమేమనగా, మన కృష్ణగిరి జిల్లా కళాశాలలు ఏ విశ్వవిద్యాలయపు పరిధిలో ఉన్నవో ఆ సేలము పెరియార్ విశ్వవిద్యాలయమును అదే 1997లో పుట్టినది. ఈడు జోడైన ఇద్దరు అన్నదమ్ములు ప్రక్క ప్రక్క ఇండ్లలో ఉన్నారు. మన పిల్లలకొరకు వారిద్దరిని ఒక్క పందిరి క్రింద కూర్చుండబెట్టి మాటలాడుమని మనము ఎన్నడైన అడిగితిమా? అడుగలేదు. తప్పు వారిది మాత్రమే కాదు.

ఇట్టి చోటులు మరి రెండు చెప్పెదము. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో వచ్చినది. బళ్ళారిలో విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 2010లో వచ్చినది. రెండింటి నడుమ దూరము సుమారు 100 కిలోమీటర్లు. ఇద్దరును ఒక్క రాజు పేరు పెట్టుకొనిరి. ఆ రాజు హంపిని ఏలెను. కన్నడ రాజ్య రమారమణుడను బిరుదు వహించెను. తెలుగున ఆముక్తమాల్యదను రచించెను. ఆ కావ్యమునకు కథానాయికగా తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరులో పుట్టిన గోదాదేవిని గ్రహించెను. మూడు భాషలను ఒక్క మాలగా కూర్చిన ప్రభువు పేరిట వెలసిన రెండు విద్యాలయములు, ఆ ప్రభువు కాలపు శాసనములను, సాహిత్యమును విద్యార్థులచే కలసి చదివించిన ఎంత శోభగా నుండును!

ఇక యానాం మాట. గోదావరి ఒడ్డున, నలువైపుల ఆంధ్రప్రదేశ్ నేలతో చుట్టబడిన ఊరది. అక్కడి ప్రభుత్వ కళాశాల పాండిచ్చేరి విశ్వవిద్యాలయమునకు అనుబంధము. ఆ విశ్వవిద్యాలయము అక్కడికి సుమారు 800 కిలోమీటర్ల దూరమున ఉన్నది. కాకినాడలోని సాంకేతిక విశ్వవిద్యాలయము 30 కిలోమీటర్ల దూరమున, రాజమహేంద్రవరమునందలి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము ఒక్క పూట ప్రయాణములో ఉన్నవి. అనుబంధము మార్చుమని మేము చెప్పము. పుదుచ్చేరితో యానాముకు గల సంబంధము చరిత్రలోనిది, దానివలన లాభములును గలవు. కాని ప్రక్కింటి గ్రంథాలయమును, ప్రయోగశాలను, తెలుగు ఆచార్యుని యానాం విద్యార్థి వాడుకొనుటకు అనుబంధము మారనక్కర లేదు. రెండు విశ్వవిద్యాలయములు ఒక ఒడంబడిక వ్రాసికొనిన చాలును.

అయ్యలారా, ఇప్పుడు మన కడుపులోని బాధ చెప్పెదము. తెలుగు రాష్ట్రములకు వెలుపల తెలుగు బోధించు శాఖలు తక్కువ కావు. మద్రాసు విశ్వవిద్యాలయమున గలదు. కోరాడ రామకృష్ణయ్యగారివంటి పండితులు ఆ శాఖను నడపిరి. బెంగుళూరున గలదు, మధురలో గలదు, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున గలదు. ఇవి మన పెద్దలు, ఆయా రాష్ట్రముల పెద్దలు కలసి నాటిన చెట్లు. కాని చెట్టునకు నీరు పోయువారు తగ్గుచున్నారు. ఒక ఆచార్యుడు విరమించిన ఆ పీఠము ఖాళీగా నుండుట, విద్యార్థులు చాలలేదని ఆ ఏడు తరగతి మానుట, మానిన తరగతి మరల తెరువకుండుట మనము కన్నులార చూచుచున్న సంగతులు. ఒక దీపము ఆరినట్లు ఇది ఒక్కసారి తెలియదు. చమురు తగ్గినట్లు తగ్గును.

దీనికి మందేమి? ఒక్కొక్క శాఖ విడివిడిగా బ్రదుకజాలదు. ఒక చోట ప్రాచీన కావ్యములు చెప్పగల ఆచార్యుడుండును, భాషాశాస్త్రము చెప్పువారుండరు. వేరొక చోట భాషాశాస్త్రము తెలిసినవారుందురు, శాసనములు చదువగలవారుండరు. ఒక చోట నలుగురు విద్యార్థులు, మరొక చోట ఆరుగురు. నాలుగును ఆరును కూడిన పది. పదిమంది ఉన్న తరగతిని ఏ అధికారియు మూయలేడు. మేము వ్యాపారులము, విడివిడిగా పది బస్తాలు కొన్నవానికి ఒక ధర, పదిమంది కలసి లారీ నిండుగా కొన్నవారికి ఒక ధర అని ఎరిగినవారము. ఆచార్యుని పాఠము బస్తా కాదు, పంచుకొన్న తరుగదు. కావున కలయుట మరింత సులభము కావలెను.

చదువదగిన వస్తువును ఎల్లకు అటు ఇటు చెదరియే ఉన్నది. చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తకాలయమున మెకంజీ, లేడన్, బ్రౌనుదొరలు సేకరించిన తెలుగు వ్రాతప్రతులున్నవి. తంజావూరు సరస్వతీ మహలున నాయకరాజుల నాటి, మరాఠారాజుల నాటి తెలుగు గ్రంథములున్నవి. అక్కడి షాహజీ మహారాజు ఇంట మరాఠీ, నేల తమిళము, కాని ఆయన రచించిన పల్లకీసేవా ప్రబంధము తెలుగు. మైసూరున 1891లో ఏర్పడిన ప్రాచ్య పరిశోధనాలయము గలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమును లోకమునకిచ్చిన చోటది. మైసూరుననే 1969లో భారతీయ భాషల కేంద్ర సంస్థ వెలసినది. 2008లో తెలుగునకు ప్రాచీన భాషాప్రతిపత్తి లభించినపుడు దాని అధ్యయన కేంద్రము అక్కడనే మొదలై, పిమ్మట నెల్లూరికి తరలినది. ఇన్ని నిధులున్నవి. తంజావూరి వ్రాతప్రతి చదువుటకు తమిళదేశపు చరిత్ర తెలిసినవాడు కావలెను, తెలుగు వ్యాకరణము తెలిసినవాడును కావలెను, మరాఠీ మోడీలిపి తెలిసినవాడును కావలెను. ఒక్క విశ్వవిద్యాలయము ఆ ముగ్గురిని పోషింపజాలదు. మూడు కలిసిన పని సాగును.

"ఇది ఎల్ల ఆశయే, నియమములు ఒప్పుకొనవు" అని కొందరందురు. మేమును అట్లే తలచితిమి. తెలిసినవారిని అడిగి, కాగితములు చదివించుకొని వింటిమి. ఇప్పటి నియమములు పూర్వమువలె లేవు. 2017లో కేంద్రమువారు స్వయం అను పేర అంతర్జాల పాఠములను మొదలిడిరి. అందు పూర్తిచేసిన పాఠములకు విశ్వవిద్యాలయములు ఒక అర్ధసంవత్సరపు పాఠములలో నూటికి 40 వంతుల వరకు గుర్తింపు ఇయ్యవచ్చునని 2021 నియమము చెప్పుచున్నది. అదే 2021లో విద్యార్హతల బ్యాంకు ఒకటి ఏర్పడినది. విద్యార్థి ఒక చోట సంపాదించిన క్రెడిట్లు అందు జమయగును. సాధారణముగా 7 సంవత్సరముల వరకు చెల్లును. వేరొక చోట వాడుకొనవచ్చును. 2022లో ఒకేసారి రెండు పట్టములకు చదువుకొనవచ్చునని విశ్వవిద్యాలయ నిధుల సంఘము మార్గదర్శకములిచ్చినది. ఇంజనీరింగు చదువు బిడ్డ సాయంకాలమున దూరవిద్యతో తెలుగు పట్టమునకును చదువవచ్చునన్న మాట. దూరవిద్యలో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు తన రాష్ట్రపుటెల్ల దాటరాదను కట్టు గలదు. కాని అంతర్జాలమున పూర్తిగా బోధించు అనుమతి పొందిన చదువులకు ఆ ఎల్ల లేదు.

వ్యాపారులకు ఇది కొత్త కాదు. మన తాతల నాడు హుండీలుండెడివి. హోసూరున వ్రాసిన కాగితము బళ్ళారిలో రూపాయలయ్యెడిది. క్రెడిట్ల బ్యాంకు అన్నది చదువునకు హుండీయే. కాని ఒక్క మాట మరువరాదు. హుండీ కాగితపు బలముతో చెల్లలేదు. బళ్ళారి సేటునకు హోసూరు సేటు అక్షరము తెలియును, మాట తెలియును, కనుకనే చెల్లెను. నియమమున్నంత మాత్రమున ఏ విశ్వవిద్యాలయమును వేరొకదాని క్రెడిట్లను తప్పక గ్రహింపవలెనని లేదు. తన పాఠ్యసంఘము ఒప్పుకొనవలెను. ఆ ఒప్పుకోలునకు ముందు ఇద్దరు ఆచార్యులు ఒకరినొకరు ఎరిగి యుండవలెను, పాఠ్యప్రణాళికలు ఎదురెదురుగా పెట్టుకొని చూచి యుండవలెను. ఘనమైన సభలో సంతకము చేసి, ఛాయాచిత్రము తీయించుకొని, బీరువాలో దాచిన ఒడంబడికలు ఈ దేశమున కొదువ లేవు. అట్టివి మనకు వద్దు.

ఇంకొక ఆక్షేపణ కలదు. ఇది పెద్దది. "మీరు పొరుగు రాష్ట్రపు విద్యాలయములవైపు చూచిన ఇక్కడివారు మిమ్ము పరాయివారని తలపరా?" అని మన మిత్రులైన తమిళ సోదరులే ప్రేమతో అడిగిరి. వారికి మేము చెప్పిన సమాధానము ఇక్కడను చెప్పెదము. మేము ఈ నేల నీరు త్రాగి పెరిగితిమి. మా పిల్లలు తమిళము చదువుచున్నారు, చదువవలెను. 2006 చట్టము ప్రకారము పాఠశాలలలో తమిళము తప్పనిసరి అయినప్పుడు మా బాధ తమిళమునుగూర్చి కాదు, తెలుగు జారిపోవునేమోనని మాత్రమే. రెండును నేర్చిన బిడ్డ ఎవరికి పరాయి? మేము కోరు సహకారము ఒక్క దారి బండి కాదు. కుప్పమున తమిళము చదువు తెలుగు బిడ్డలు గలరు. సేలమున తెలుగు నేర్చి రెండు భాషల నడుమ అనువాదము చేయు తమిళ బిడ్డలు కావలెను. బెంగుళూరి కన్నడ విద్యార్థి తెలుగు శాసనము చదువవలెను, మన విద్యార్థి కన్నడ శాసనము చదువవలెను. లిపులు రెండును ఒక తల్లి బిడ్డలే కదా. బరంపురమునందలి ఒడియా తెలుగు కుటుంబములు, షోలాపురమునందలి మరాఠీ తెలుగు నేతగాండ్ర కుటుంబములు ఇట్టి వంతెనలకు పుట్టుకతోనే స్తంభములై యున్నవి. ఇట్టివారి విలువ ఎల్లల నడుమ నున్న విద్యాలయములు గ్రహింపవలెను.

కడపటి ఆక్షేపణ మనలోనిది, మాలోనిది. "తెలుగు చదివిన కూడు పెట్టునా?" దీనికి దబాయించి సమాధానము చెప్పుట మాకు చేతకాదు. మేమును మా పెద్ద కుమారుని తెలుగు తరగతిలో చేర్పలేదు. ప్రక్క ఇంటివారు చేర్పలేదు కనుక మేమును చేర్పలేదు. ఇప్పుడతడు తాతగారు వ్రాసిన ఉత్తరము చేత పట్టుకొని మమ్ము చదివి వినిపింపుమనుచున్నాడు. ఆ ఉత్తరము చదువునప్పుడు మాకు కలిగిన సిగ్గు ఈ సభలో దాచుకొనుట మేలు కాదు. పాఠశాలలో పిల్లలను చేర్పనివారము విశ్వవిద్యాలయమున శాఖ మూతపడుచున్నదని మొరపెట్టుకొనుట ధర్మము కాదు. క్రింది మెట్టు తీసివేసి పై మెట్టు నిలుపుమన్నట్లగును. రాజ్యాంగపు 350ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ వసతి వాడుకొనవలసినవారము మనము.

కూటి విషయమును వదలి పెట్టరాదు. తెలుగు చదివినవారికి ఉపాధ్యాయోద్యోగములు, జాతీయ అర్హతా పరీక్షలో తెలుగు విషయమున ఉత్తీర్ణులైన అధ్యాపక పదవులు, అనువాదము, పత్రికలు, ఆకాశవాణి అను దారులు గలవు. ఇవి కొద్ది. కాని రెండు మూడు భాషలు నిండుగా ఎరిగినవానికి ఈ సరిహద్దు పట్టణములలో, ఇన్ని కర్మాగారముల నడుమ, పని దొరకకుండుట మేము చూడలేదు. మా మండీలో మూడు భాషల కొనుగోలుదారులతో మూడు భాషలలో మాటలాడు గుమాస్తాకు మేము ఎక్కువ జీతమిత్తుము. విశ్వవిద్యాలయములు కలసి, ఒక భాష ప్రధానముగా, పొరుగు భాష అనుబంధముగా చదువు పెట్టిన ఆ పట్టమునకు అంగడిలోనే విలువ యుండును.

ఇక మన సంఘము చేయదగిన పనులు కొన్ని మీ ముందుంచుచున్నాము. ఆమోదింతురో, సవరింతురో మీ ఇష్టము.

మొదటిది: ఈ సంవత్సరము మన ఇండ్లలో పన్నెండవ తరగతి, పట్టపు తరగతులు చదువు పిల్లల పట్టిక ఒకటి తయారు చేయవలెను. ఎవరు తెలుగు ఒక పాఠముగా చదువుటకు ఇష్టపడుదురో అందు వ్రాయవలెను. సంఖ్య చేత లేనివాని మాట ఏ కార్యాలయమునను చెల్లదు.

రెండవది: ఆ పట్టికతో సేలము, కుప్పము, బెంగుళూరు విశ్వవిద్యాలయములకు ఒక్క విజ్ఞప్తి, ఒక్క తేదీన, మూడు భాషలలో పంపవలెను. మనము అడుగునది శాఖ కాదు, భవనము కాదు. ఒక్క తెలుగు పాఠము. ఒక చోట ఆచార్యుడు చెప్పగా మూడు చోట్ల విద్యార్థులు వినునట్లును, ఆ క్రెడిట్లు మూడు చోట్లను చెల్లునట్లును చేయుమని. చిన్న కోరిక అయిన కాదనుట కష్టము.

మూడవది: ఎల్ల దాటి చదువు పిల్లలకు కావలసిన కాగితములనుగూర్చి సలహా చెప్పుటకు సంఘ కార్యాలయమున వారమునకొక సాయంకాలము ఒకరు కూర్చుండవలెను. మేము చెప్పిన బిడ్డకు గడువు తేదీ ముందుగా చెప్పువాడొకడున్న ఒక సంవత్సరము పోయెడిది కాదు. ఈ పని మేమే మొదట స్వీకరించెదము. ప్రతి గురువారము దీపములు పెట్టు వేళనుండి రెండు గంటలు మేము అక్కడ ఉందుము.

నాలుగవది: రైలు ఖర్చులకును, వసతికిని ఒక నిధి. ఇంటికి నెలకు 50 రూపాయలు చాలును. లెక్క ఈ పత్రికలో మూడు నెలలకొకసారి అచ్చు కావలెను. లెక్క అచ్చు కాని నిధికి మేము పైసా ఇయ్యము, మీరును ఇయ్యవలదు.

అయిదవది: మన ఇండ్ల అటకలపై ఉన్న తాటాకు గ్రంథములు, పాత దస్తావేజులు, ఉత్తరములు, భజనకూటముల వ్రాతప్రతులు పట్టిక వేయవలెను. వస్తువు ఇల్లు కదలనక్కర లేదు. పట్టికను విశ్వవిద్యాలయములకు పంపిన పరిశోధకులే వెదకికొని వచ్చెదరు. అట్లు వచ్చినవానికి మంచినీరిచ్చి కూర్చుండబెట్టుట మన పని.

బరంపురము, బళ్ళారి, కోలారు, షోలాపురము, యానాం పట్టణములలో ఈ పత్రిక చదువు సోదరులకును ఒక మనవి. మీ ఊరికి దగ్గరగా ఎల్లకు అటు ఒకటి, ఇటు ఒకటి ఏ విద్యాలయములున్నవో వ్రాయుడు. ఏ అడ్డు వలన మీ పిల్లలు ఆగిరో వ్రాయుడు. ఆ ఉత్తరములు ఇక్కడ వరుసగా అచ్చగును. ఒక ఊరివాడు కనిపెట్టిన దారి వేరొక ఊరివానికి పనికి వచ్చును.

పెద్దలారా, 2014లో తెలుగువారి రాష్ట్రమే రెండైనది. ఒకనాడు ఒక్కటిగా నడచిన విద్యాసంస్థలను ఎవరెట్లు పంచుకొనవలెనను ప్రశ్న వారికిని వచ్చినది. గీతకు ఈవల మిగులుట యేమో మనకు ఏడు దశాబ్దములుగా తెలియును. కనుక గీత దాటి చేయి చాచు విద్యను నేర్పవలసినవారము కూడ మనమే.

ఆ బిడ్డ మాట మరల చెప్పి ముగించెదము. నిన్న అతనిని పిలిచి ఈ ప్రసంగము వినిపించితిమి. అంతయు విని, "సలహా చెప్పుటకు మీతోబాటు నేనును కూర్చుండెదను, ఏ కాగితము ఏ కిటికీలో అడుగుదురో నాకు కంఠస్థము" అనెను. నవ్వుచునే అనెను. కాని ఆ నవ్వు మాకు నవ్వుగా వినబడలేదు. ఈ గురువారమునుండి అతడు మా ప్రక్కన కూర్చుండును. వచ్చు సంవత్సరమునకు అతని పేరును మన పట్టికలో విద్యార్థులలో వ్రాయవలెనని మా కోరిక. సంవత్సరము పోయినది కాని అతని వయస్సు పోలేదు.